ముద్దాయి పేరు ఫోర్డు వ్యాను

టాలో కౌంటీ అనే జిల్లాలో సర్కారువారు ఒక వ్యాను మీద కేసు పెట్టారు. నడిపినవాడి మీద కాదు, సొంతదారు మీద కాదు, అచ్చంగా వ్యాను మీదే. కాగితం నెత్తిన అలాగే అచ్చు వేశారు కూడా: ఇటుపక్క రాష్ట్ర ప్రభుత్వం, అటుపక్క ముద్దాయి ఉండాల్సిన చోట ‘ఒక తెల్ల ఫోర్డు వ్యాను’. వినేవాళ్ళకి నవ్వొస్తుంది. ఆ వ్యాను సొంతదారు ఓజెల్లా టిబ్స్‌కి కూడా మొదట నవ్వే వచ్చింది.

ఓజెల్లా ఆ ఊళ్ళో ఒక తరం పిల్లల్ని స్కూలు బస్సులో మోసి రిటైరయిన మనిషి. ఒడ్డూ పొడుగూ ఉన్న ఆడమనిషి, చర్చిలో పాట ఎత్తుకుంటే పియానో వినపడదు. బస్సు నడిపినన్నాళ్ళూ ఆవిడకి ఒక పద్ధతి ఉండేది. ఏ స్టాపు వస్తే ఆ స్టాపులో దిగాల్సిన పిల్లల్ని పేరు పేరునా పిలిచేది. జవాబు రాకపోతే బ్రేకు బిగించి, లేచి, వెనక్కి నడిచివెళ్ళి, సీట్ల కింద వంగి చూసేది. వెనక కార్లవాళ్ళు హారన్లు కొట్టి చచ్చినా సరే, పలకని పిల్ల దొరికేదాకా బస్సు కదిలేది కాదు.

ఆవిడకి ఇంకో పిచ్చి ఉంది, చట్టం పిచ్చి. దానికి కారణం వాళ్ళమ్మ. ఓజెల్లా చిన్నపిల్లగా ఉన్నప్పుడు వాళ్ళమ్మ ఓటు రాయించుకోవడానికి ఇదే కోర్టుకి వస్తే గుమాస్తా బయటికి గెంటాడు. నల్లవాళ్ళకి ఓటేమిటి పొమ్మన్నాడు. తర్వాత మన ఢిల్లీలాంటి వాళ్ళ వాషింగ్టన్‌లో చట్టం మారింది. మళ్ళీ వెళ్తే అదే గుమాస్తా, అదే మొహంతో, కుర్చీ జరిపి కూర్చోమన్నాడు. అమ్మ చెయ్యి పట్టుకుని నిలబడ్డ ఓజెల్లా ఆ కుర్చీని మరిచిపోలేదు. మనుషులు మారకపోయినా చట్టం మారితే కుర్చీ వేస్తారని అప్పటినుంచీ ఆవిడ నమ్మకం. రాజ్యాంగం మొదటి పేజీ ప్రార్థనలా ఒప్పజెప్పేది.

రిటైరయ్యాక కొనుక్కున్నదే ఆ తెల్ల వ్యాను. దాంట్లో చర్చి ముసలివాళ్ళని ఆస్పత్రులకి తిప్పేది. అందరికన్నా ముఖ్యమైన ప్రయాణికుడు రూఫస్ లాథమ్. పత్తి మిల్లులో పనిచేసి చేసి అలిసిపోయినవాడు, భార్య పోయింది, పెరట్లో ఒక పీకాన్ కాయల చెట్టు, గడపలో ఒక ముసలి కుక్క. మూత్రపిండాలు పాడయ్యాయి. వారానికి మూడుసార్లు, గంట దూరంలో ఉన్న పెద్దాస్పత్రికి వెళ్ళి రక్తం కడిగించుకోకపోతే బతకడు. అతని ఉబ్బిన కాళ్ళకి వ్యాను ఎత్తు అందడంలేదని ఓజెల్లా మేనల్లుడు టెరెల్ తలుపు కింద ఒక చెక్కమెట్టు బిగించి పెట్టాడు.

వ్యాను కదిలిందంటే రేడియో మోగాల్సిందే, రేడియోలో వార్త వచ్చిందంటే ఓజెల్లా తీర్పు చెప్పాల్సిందే.

“ఏమంటావు బ్రదర్ రూఫస్, అధ్యక్షుడు కాగితం మీద గీకితే చట్టమైపోద్దా? మరి చట్టాలు చేసే కాంగ్రెస్సు దేనికి, గోళ్ళు గిల్లుకోడానికా?”

“నాకేం తెలుసు జడ్జమ్మా. ముందు రోడ్డు చూడు. వాళ్ళు సూది గుచ్చేలోపే నన్ను చంపేలా ఉన్నావు.”

“సుప్రీంకోర్టులో ఆ తొమ్మండుగురికీ చచ్చేదాకా ఉద్యోగం! నాకేమో అరవై అయిదు దాటగానే కేకు కోసి ఇంటికి పంపారు. స్కూలు బస్సుకన్నా దేశం నడపడం తేలికన్నమాట!”

“ఆ మాట వాళ్ళకి చెప్పు. బెల్టు కట్టుకుని కూర్చున్నవాణ్ణి నాకు చెప్తే ఏం లాభం?”

అలా ఊరంతా ఆవిడకి జడ్జమ్మ అనే పేరు స్థిరపడింది. వెక్కిరింపుగా మొదలైన పేరే, పోనుపోను గౌరవమైంది. పింఛను ఆగినా, ఇంటివాడు ఖాళీ చెయ్యమన్నా జనం ముందుగా ఆవిడ వ్యానే ఎక్కేవాళ్ళు. ఆవిడ ఒకటే మాట చెప్పేది: “చట్టప్రకారం అడగండి. పేరు పెట్టి అడగండి. పలక్కపోతే మళ్ళీ అడగండి.”

ఇక ఆ కేసు సంగతి. ఒక శనివారం టెరెల్ వచ్చి, “అత్తా, వెనక టైరు గాలి దిగుతోంది, బాగు చేయించుకొస్తా,” అని వ్యాను తీసుకెళ్ళాడు. దారిలో వాడి స్నేహితుడొకడు చెయ్యి ఎత్తాడు. పాపం ఎండలో నడుస్తున్నాడు కదా అని ఎక్కించుకున్నాడు. వెనక దీపం ఒకటి వెలగడం లేదని షెరీఫు మనుషులు, అంటే అక్కడి పోలీసులు, ఆపారు. వెతికితే ఆ స్నేహితుడి మేజోడులో మత్తు మాత్రల పొట్లం దొరికింది. వాణ్ణి జైలుకి తీసుకెళ్ళారు. టెరెల్‌ని రెండు ప్రశ్నలడిగి, “నీ మీద ఏం లేదు, పో,” అన్నారు. వ్యానుని మాత్రం గొలుసు వేసి లాక్కుపోయారు. ఉరుము ఉరిమి మంగలం మీద పడడమంటే ఇదే.

ఓజెల్లా తెల్లారేసరికి షెరీఫు ఆఫీసు కిటికీ దగ్గరుంది. అవతల ఒక కుర్రాడు.

“మా టెరెల్ మీద కేసుందా నాయనా?”

“లేదండీ.”

“నా మీద?”

“అబ్బే, మీ మీదెందుకుంటదండీ!”

“అయితే నా బండి నాకివ్వు.”

“అదే కుదరదండీ. కేసు బండి మీదుంది.”

“బండేం చేసిందిరా? మాత్రలు మింగిందా?”

కుర్రాడు కూడా నవ్వాడు. ఇద్దరూ నవ్వారు. ఆ తర్వాత కుర్రాడు కిటికీ మూసేశాడు, ఓజెల్లా బయట నిలబడిపోయింది.

ఇది ఎక్కడి న్యాయమో కాస్త చెప్పుకోవాలి, చెప్పుకోకపోతే కడుపు మంట చల్లారదు. అక్కడ మనిషి మీద కేసు పెడితే, నేరం చేశాడని సర్కారే రుజువు చెయ్యాలి. వస్తువు మీద పెడితే మాత్రం, నాకే పాపం తెలీదు మొర్రో అని ఆ వస్తువు కలవాళ్ళే వచ్చి నిరూపించుకోవాలి. మనిషికి డబ్బు లేకపోతే సర్కారు వకీలునిస్తుంది. వ్యానుకి ఇవ్వదు. సొంతంగా పెట్టుకుందామంటే వకీలు ఫీజు వ్యాను ఖరీదుని మించిపోతుంది. ఇంతా చేసి ఆ పట్టుకున్న సొత్తు ఎవరికి పోతుందయ్యా అంటే, పట్టుకున్నవాళ్ళకే! కంచే చేను మేస్తుంటే చేనుగలవాడు వచ్చి కంచెకి అర్జీ పెట్టుకోవాలట. సిగ్గూ శరమూ ఉండక్కర్లేదూ? పైగా ఇది దొంగచాటుగా జరిగేది కాదు. జెండా పాతిన భవనంలో, నల్లగౌను వేసుకున్న పెద్దమనిషి ముందు, పట్టపగలు జరుగుతుంది.

విచారణకి తేదీ పడేసరికి వేసవి ముదిరింది. ఈలోపు రూఫస్‌ని ఆస్పత్రికి చేర్చడం చర్చి అంతటికీ తలనొప్పయింది. ఒకరోజు పాస్టరుగారి కారు, ఒకరోజు ఎవరిదో ట్రక్కు, ఒకరోజు ఎవరూ లేరు. కౌంటీవాళ్ళ బస్సుని ముందుగా చెప్పి పెట్టుకుంటే, అది వచ్చేసరికి ఆస్పత్రిలో అతని వంతు దాటిపోయేది. రెండు మూడుసార్లు తప్పేసరికి రూఫస్ కాళ్ళు దిమ్మల్లా వాచాయి, పడుకుంటే ఊపిరాడేది కాదు. ఆస్పత్రి ఆవిడ వచ్చి నెమ్మదిగా చెప్పింది. రాకపోకలకి స్థిరమైన ఏర్పాటు లేకపోతే, ఆస్పత్రి పక్కనున్న వృద్ధుల ఆశ్రమంలో చేరక తప్పదంది.

“నా కుక్కనీ రానిస్తారా అక్కడికి?” అని అడిగాడు రూఫస్.

“రానివ్వరండీ.”

“అయితే నేనూ రాను.” ఆవిడ వెళ్ళాక ఓజెల్లా వైపు తిరిగాడు. “జడ్జమ్మా, నీ వ్యాను ఎప్పుడొస్తదో చెప్పు. ఆ రోజు దాకా ఎలాగో ఊపిరి బిగబడతా.”

“కోర్టులో ఒక్క మాట చెప్పనీ, సాయంత్రానికల్లా నీ గుమ్మంలో ఉంటది,” అంది ఓజెల్లా. ఉత్తమాట కాదు, ఆవిడ నిజంగానే అలా నమ్మింది.

విచారణ రోజున చర్చికి వేసుకునే ఊదారంగు టోపీ పెట్టుకుని, వ్యాను కొన్న రసీదు, రూఫస్ డాక్టరు ఇచ్చిన చీటీ సంచిలో పెట్టుకుని, కోర్టు తలుపు తియ్యకముందే వెళ్ళింది. వరండాలో బల్లలు, బల్లల నిండా జనం. లోపలికి ఒక్కొక్కరినే రానిస్తారు. తలుపు దగ్గర నిలబడి పిలిచే బంట్రోతు హోయ్ట్ పెండర్. తెల్లవాడు, మీసాలు నెరిశాయి, మోకాళ్ళ నొప్పి. ఓజెల్లాని చూసి తలాడించాడు. అతని పిల్లలు ఆవిడ బస్సులో పెరిగినవాళ్ళే.

ఓజెల్లా తన పేరు ఎప్పుడు పిలుస్తారా అని చెవులు రిక్కించి కూర్చుంది. కేసు వ్యాను మీదని ఆవిడకి తెలుసు. కానీ అదంతా కాగితం మీద రాతకోతలు అనుకుంది. పిలిచేది మనిషినే కదా, వ్యాను నడిచొచ్చి బోనెక్కదు కదా!

హోయ్ట్ బయటికొచ్చి అరిచాడు. “ఒక గడ్డి కోసే మిషను, ఆకుపచ్చది!” ఎవరూ లేవలేదు. రెండోసారి, మూడోసారి అరిచి లోపలికి పోయాడు. కాసేపటికి మళ్ళీ వచ్చాడు. “ఒక గిటారు, పెట్టెతో సహా!” మూడుసార్లు. “ఒక ఫోర్డు వ్యాను, తెలుపు!” అంటూ వెనకే ఇంజను నంబరు, అక్షరాలూ అంకెలూ కలిపి, నోట్లో కిళ్ళీ ఉన్నవాడిలా గొణిగేశాడు. అది కూడా మూడుసార్లు.

ఓజెల్లా విన్నది. ఏడాదికోసారి ఆ కోర్టు మెట్ల మీదే పట్టుబడిన సామాన్ల వేలం వేస్తారు, అప్పుడు అరిచేదీ హోయ్టే, ఇదే గొంతుతో, ఇదే వరసలో. ఆ రోజే వేలం కూడా పెట్టినట్టున్నారు అనుకుంది. పక్కనున్న ముసలాయనతో, “పాపం ఎవరిదో నాలాంటిదే వ్యాను, పోయిందండీ,” అని నాలుక చప్పరించింది కూడా.

మధ్యాహ్నానికి వరండా ఖాళీ అయింది. హోయ్ట్ తాళం వేస్తున్నాడు.

“హోయ్ట్, నా పేరు పిలవలేదేం?”

“మీకేం పనండీ ఓజెల్లాగారూ ఇక్కడ?”

“నా వ్యాను కేసు.”

హోయ్ట్ తాళం తిప్పడం ఆపాడు. “ఫోర్డా? తెల్లదా?” అన్నాడు. “అయ్యో, పిలిచాను కదండీ, మూడుసార్లు. ముద్దాయి పలకలేదని జడ్జిగారు రాసేశారు. సర్కారు గెలిచింది.”

“నేను ఇక్కడే ఉన్నాను కదయ్యా! నీ ఎదురుగా, ఈ టోపీ పెట్టుకుని!”

“మీ పేరు కాగితంలో లేదండీ. వ్యాను పేరే ఉంది.”

 ఓజెల్లా అన్న మాట కోర్టు బయట చెట్టు కింద నిలబడ్డవాళ్ళకి కూడా వినపడింది.

“మీ దుంప తెగ! ఇనపముక్కకి పేరుంది, నాకు లేదా? మా అమ్మని పేరడిగి మరీ గెంటారు ఈ గుమ్మంలోంచి. నన్ను పేరు కూడా అడగకుండా గెంటుతారా? హోయ్ట్, నీ కొడుకు వేడ్ రెండో తరగతిలో ఉండగా ఒకరోజు మీ స్టాపులో పలకలేదు, గుర్తుందా?”

హోయ్ట్ టోపీ తీశాడు. “గుర్తుందండీ.”

“నేనేం చేశాను? మూడుసార్లు అరిచి తలుపేసుకు పోయానా?”

“లేదండీ. ఆఖరి సీటు కింద నిద్రపోతుంటే వెతికి, ఎత్తుకొచ్చి మా ఆవిడ చేతికిచ్చారు.”

“మరి నువ్వు?”

హోయ్ట్ తల వంచుకుని తాళం వేశాడు.

ఊరుకునే మనిషైతే ఇంటికెళ్ళి ఏడ్చి ఊరుకునేది. ఓజెల్లా మాత్రం తీర్పు తిరగదోడమని తన చేత్తోనే అర్జీ రాసి ఇచ్చింది. ఎదురు కట్టిన సర్కారు వకీలు కార్సన్ విట్లో అని కుర్రవాడు, బూట్లు అద్దంలా మెరుస్తున్నాయి. అతనికి ఓజెల్లా మీద కోపమేమీ లేదు, అదే మరీ మండించింది ఆవిడని.

“అయ్యా, నోటీసులో కేసు పేరు స్పష్టంగా ఉంది,” అన్నాడు విట్లో జడ్జితో. “ఆ పేరే పిలిచారు. సొంతదారు అక్కడే ఉండి కూడా పలకలేదు. పొరపాటు కోర్టుది కాదు.”

జడ్జి కళ్ళజోడు మీదనుంచి చూశాడు. “మీరేమంటారు?”

ఓజెల్లా లేచి నిలబడింది. “అయ్యా, నాకు చట్టమంటే భయభక్తులు. విచారణ చెయ్యకుండా ఎవరి సొత్తూ లాక్కోకూడదని రాజ్యాంగంలో ఉంది, చిన్నప్పుడే కంఠతా పట్టాను. విచారణంటే ఏంటయ్యా? వినడమే కదా? ఎవరు విన్నారు నన్ను? నేను పొద్దుటినుంచీ వరండాలో ఉన్నాను. నేను బస్సు నడిపినప్పుడు పిల్లాడు పలక్కపోతే లేచి వెతికేదాన్ని, ఎందుకంటే నా పని వాణ్ణి ఇంటికి చేర్చడం. మీ పని పలకని వాళ్ళని వదిలించుకోడం లాగుంది. అక్కడ ఒక ముసలాయన కాళ్ళు వాచి, నా వ్యాను కోసం గుమ్మంలో కూర్చున్నాడు. మాత్రలు ఎవడి మేజోడులో ఉన్నాయో వాడు మీ దగ్గరే ఉన్నాడు. ఇంకేం కావాలి మీకు?”

 జడ్జి కాగితాలు మళ్ళీ తిరగేశాడు. చెడ్డవాడేం కాదు, ఆదివారం చర్చిలో బీదలకి భోజనాలు వడ్డించే మనిషే.

“మీ మీద నాకు సానుభూతి ఉంది మిసెస్ ఓజెల్లా టిబ్స్,” అన్నాడు. “కానీ పిలుపు చట్టప్రకారమే జరిగింది. తీర్పు మార్చడానికి నాకు కారణం కనపడటంలేదు.”

“లేదనడానికి మాత్రం నా పేరు పూర్తిగా దొరికిందే మీకు!” అంది ఓజెల్లా.

 జడ్జి తర్వాతి కేసు పిలవమన్నాడు.

ఆ వారమే రూఫస్ ఆశ్రమానికి వెళ్ళిపోయాడు. ఊపిరి బిగబట్టడం ఇక అతని వల్ల కాలేదు. పాస్టరుగారి కారులోకి ఇద్దరు ఎత్తి కూర్చోబెట్టారు. కుక్క పగ్గం ఓజెల్లా చేతికిచ్చాడు.

“మాట తప్పాను బ్రదర్ రూఫస్,” అంది ఓజెల్లా. ఆవిడ గొంతు అంత చిన్నగా రావడం అంతకుముందెప్పుడూ ఎవరూ వినలేదు.

“నువ్వు తప్పలేదు. వాళ్ళు తప్పారు.” కారు కిటికీలోంచి వేలు చూపించాడు. “జడ్జమ్మా, రేడియోలో ఆ పెద్ద పెద్ద జడ్జీలతో ఇన్నాళ్ళూ వాదించావు కదా. ఇక ఆ వరండా సంగతి చూడు. అక్కడ నీలాంటోళ్ళు ఎంతమంది కూర్చుని ఉన్నారో.”

ఇంటికొచ్చి రేడియో పెట్టింది. వాషింగ్టన్‌లో ఎవరో హక్కుల గురించి గంభీరంగా మాట్లాడుతున్నారు. మీట తిప్పి కట్టేసింది.

మళ్ళీ వస్తువుల కేసులు పిలిచే రోజు వచ్చింది. ఓజెల్లా టెరెల్ ఇంటిదాకా నడిచి, అక్కణ్ణుంచి ఇద్దరూ కోర్టుకి నడిచారు. కోర్టు ఆవరణలో తెల్ల వ్యాను ఆగి ఉంది. తలుపు మీద షెరీఫు నక్షత్రం కొత్తగా వేసినట్టుంది, రంగు వాసన ఇంకా పోలేదు. వెనక తలుపు తీసి జైలువాళ్ళని దింపుతున్నారు. సంకెళ్ళ కాళ్ళతో ఒక్కొక్కడూ రూఫస్ కోసం బిగించిన చెక్కమెట్టు మీద కాలు పెట్టి దిగుతున్నాడు.

టెరెల్ ముందుకి ఉరికాడు. “అత్తా, ఆ మెట్టు నాది! నేను చేసిన మెట్టు!”

“నోర్ముయ్యి,” అని వాడి మణికట్టు గట్టిగా పట్టుకుంది ఓజెల్లా. “నిన్నూ అందులోనే ఎక్కిస్తారు. పద లోపలికి.”

వరండాలో మళ్ళీ అవే బల్లలు, మళ్ళీ జనం, అందరూ కొత్తవాళ్ళు. ఓజెల్లా ఒక చివర్నుంచి మొదలుపెట్టింది. “నమస్తే అయ్యా, మీ దగ్గర ఏం తీసుకున్నారు? పడవా? అయితే పడవా అని పిలుస్తారు, అప్పుడు లేవండి. మీ పేరు కోసం చూడకండి. అమ్మా, మీదేంటి?” కొందరు నవ్వారు, కొందరు పిచ్చిదనుకున్నారు. ఇంకా సగం బల్లలు ఉండగానే తలుపు తెరుచుకుంది.

“ఒక కియా కారు, బూడిద రంగు!” అన్నాడు హోయ్ట్.

ఎవరూ పలకలేదు.

“ఒక కియా కారు, బూడిద రంగు!”

మూడోసారి నోరు తెరిచిన హోయ్ట్ ఓజెల్లాని చూశాడు. తెరిచిన నోరు మూశాడు. వంగి, బూటు లేసు విప్పి, మళ్ళీ నెమ్మదిగా కట్టుకోవడం మొదలుపెట్టాడు. లోపల్నుంచి విట్లో, “ఏమైంది హోయ్ట్?” అంటున్నాడు.

ఓజెల్లా బల్లల మధ్య నడిచింది, ప్రతి మొహంలోకీ వంగి చూస్తూ. ఆఖరి బల్ల మూల ఒక అమ్మాయి, కోళ్ళ ఫ్యాక్టరీ రబ్బరు బూట్లతో, రాత్రి డ్యూటీ చేసి వచ్చినట్టుంది, గోడకి తల ఆనించి నిద్రపోతోంది. ఓజెల్లా భుజం పట్టి కుదిపింది.

అమ్మాయి ఉలిక్కిపడి లేచింది. “నా పేరు పిలిచారా?”

“పిలవరు తల్లీ, వీళ్ళు పిలవరు. నీదేం కారు?”

“బూడిద రంగు కియా. ఎందుకండీ?”

“లే. చెయ్యెత్తి గట్టిగా పలుకు,” అంది ఓజెల్లా, ఆ పిల్లని చంకలో చెయ్యేసి లేపుతూ. “వాళ్ళు పిలుస్తున్నది నిన్నే.”